థర్మోకోల్ పలకలు: కొనునపుడు, బిగించునపుడు గమనించవలసిన విషయములు

మార్చి నెల దాటిన తరువాత రేకుల కప్పు క్రింద కోళ్లను పెంచు రైతునకు పగటిపూట నిశ్చింత ఉండదు. నడి ఎండలో ఇనుప రేకు చేయి ఆనించరానంతగా కాలును. ఆ వేడి క్రిందికి దిగి కోళ్లను, పుట్టగొడుగుల సంచులను, నిలువచేసిన విత్తనములను బాధించును. ఇందుకు నివారణగా రేకుల క్రింద తెల్లని థర్మోకోల్ పలకలను బిగించుట మన గ్రామములలో కూడ అలవాటైనది. అయితే పట్టణమునకు పోయి, అంగడిలో అన్నిటికంటె చౌకగా వచ్చిన పలకలను ఎత్తించుకొని వచ్చి, దొరికిన బంకతో రేకునకు అంటించి, రెండు వేసవులు గడువక ముందే వాటిని చెత్తకుప్పలో వేయవలసివచ్చుటయు సాధారణముగా జరుగుచున్నది. దోషము వస్తువులో లేదు. కొనుటలోను, బిగించుటలోను జరిగిన పొరపాటు వలన డబ్బు నష్టమగుచున్నది. డబ్బు పోయినచో మరల సంపాదించవచ్చును. కాని థర్మోకోల్ నిప్పు అంటుకొను వస్తువు. ఆ సంగతి మరచి వాడినచో షెడ్డుతో బాటు అందులోని పిల్లలును దగ్ధము కాగలవు. కావున ఈ వస్తువును గూర్చి కొంచెము వివరముగా తెలిసికొనుట అవసరము.

థర్మోకోల్ అనగా నేమి?

పెట్రోలియము నుండి తయారగు పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్కును పంచదార పలుకుల వంటి చిన్న గింజలుగా చేసి, వాటిలో పెంటేన్ అను వాయుద్రవ్యమును ఇమిడ్చి, నీటి ఆవిరి తగిలించినచో ఆ గింజలు పేలాల వలె ఉబ్బును. ఉబ్బిన గింజలను పెద్ద అచ్చులో పోసి మరల ఆవిరి పట్టించినపుడు అవి ఒకదానితో నొకటి అతుకుకొని దిమ్మగా తయారగును. ఆ దిమ్మను కాచిన తీగతో కోసినవే మనము కొను పలకలు. ఈ పద్ధతిని 1950 ప్రాంతమున జర్మనీ దేశమున కనిపెట్టిరి. థర్మోకోల్ అనునది మొదట ఒక వ్యాపార నామము. డాల్డా అను పేరు వలె ఇదియు వాడుకలో ఆ జాతి వస్తువుకంతటికి పేరైపోయినది.

పలకలో 100 పాళ్లకు 98 పాళ్లు గాలియే. వేడిని ఆపునది ప్లాస్టిక్కు కాదు, కదలకుండ చిన్న చిన్న గదులలో బంధింపబడియున్న ఆ గాలియే. చలికాలమున గొంగడి మనలను వెచ్చగా ఉంచుటకును ఇదియే కారణము. రెండంగుళముల థర్మోకోల్ పలక ఎంత వేడిని అడ్డగించునో, అంత వేడిని అడ్డగించుటకు మూడడుగులకు పైబడిన మందము గల ఇటుక గోడ కావలెను.

ఇచ్చట ఒక అపోహను తొలగించవలసియున్నది. థర్మోకోల్ చల్లదనమును పుట్టించదు. వేడి ఒక ప్రక్క నుండి మరియొక ప్రక్కకు పోవుటను ఆలస్యము చేయును, అంతే. నాలుగు ప్రక్కల తెరచియున్న కోళ్ల షెడ్డులోనికి బయటి నుండి 43 డిగ్రీల గాలి వీచుచున్నపుడు, కప్పు క్రింద ఎంత మంచి పలక వేసినను లోపలి గాలి 43 డిగ్రీలకు తగ్గదు. కాలిన రేకు నుండి కోడి వీపు మీదకు దిగు సెగ మాత్రము తగ్గును. ఆ మాత్రము తగ్గుట కూడ కోళ్లకు గొప్ప మేలే. అయినను వడగాలికి తడిపిన గోనె పరదాలు, ఫ్యానులు, చల్లని త్రాగునీరు మానరాదు. గోడలు, తలుపులు గల మూత గదిలో, అనగా పుట్టగొడుగుల గదిలో గాని శీతల గదిలో గాని, థర్మోకోల్ పూర్తిగా పనిచేయును.

కొనుటకు ముందు ఆలోచింపవలసినది

పలకలు కొనుటకు ముందు కప్పు పైభాగమునకు సున్నము కొట్టి చూడుడు. తెల్లని కప్పు ఎండను చాల వరకు వెనుకకు త్రిప్పి పంపును. వరిగడ్డి గాని తాటాకు గాని చౌకగా దొరకు చోట రేకుల మీద నాలుగైదు అంగుళముల మందమున కప్పినచో అదియు మంచి అడ్డే. గడ్డికి నిప్పు భయము, ప్రతి ఏట మార్చవలసిన శ్రమ ఉన్నవి. అయినను చేతిలో డబ్బు లేని రైతు అప్పు చేసి థర్మోకోల్ కొనుటకంటె ఒక వేసవి సున్నముతోను గడ్డితోను గడుపుటయే మేలని మా అభిప్రాయము. ఎక్కువ సంఖ్యలో కోళ్లు పెంచువారు, ఏడాది పొడవునా ఒకే ఉష్ణోగ్రత కావలసిన పనులు చేయువారు పలకలకు ఖర్చు పెట్టినచో ఆ ఖర్చు తిరిగి వచ్చును.

తూకము చూచి కొనుడు

అంగడిలో పలకలన్నియు తెల్లగా, తేలికగా ఒకే మాదిరిగా కనపడును. కాని వాటిలో భేదము చాల గలదు. గింజలను ఎక్కువగా ఉబ్బించినచో తక్కువ సరకుతో ఎక్కువ పలకలు వచ్చును. అవి చౌక. అలంకరణకును, గాజు సామాను కట్టుటకును ఉద్దేశించిన ఈ పలుచని సరకునే తెలియని రైతునకు షెడ్డు పనికి కూడ అమ్ముచుందురు. అటువంటి పలక వేడిని అంత బాగుగా ఆపదు. బరువు పడిన చోట అణగును, అంచులు రాలును, తీగ కట్టిన చోట తెగును.

వేడిని అడ్డగించుటకు వాడు థర్మోకోలునకు భారతీయ ప్రమాణము ఒకటి గలదు. దాని సంఖ్య ఐ.ఎస్. 4671. ఒక ఘనపు మీటరు సరకు ఎన్ని కిలోలు తూగునో దానినిబట్టి ఇందులో తరగతులు ఏర్పరచిరి. వాటిలో అన్నిటికంటె తేలికయైనది 15 కిలోల తరగతి. దాని పైన 20, 25, 30, 35 కిలోల తరగతులు గలవు. దీనినే వర్తకులు డెన్సిటీ అందురు. కప్పు క్రింద వ్రేలాడదీయుటకు 15 కిలోలది చాలును, 20 కిలోలది మరింత మన్నును. డాబా మీద పరచి పైన కాంక్రీటు వేయదలచినచో 25 కిలోలకు తగ్గరాదు.

డెన్సిటీ ఎంత అని అడిగినచో ఏ వర్తకుడును తక్కువ చెప్పడు. కాని దానిని పరీక్షించుటకు యంత్రములు అక్కరలేదు, అంగడిలోని త్రాసు చాలును. మన ప్రాంతమున సాధారణముగా దొరకు పలక ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉండును. రెండంగుళములు, అనగా 50 మిల్లీమీటర్ల మందము గల అట్టి పలక 15 కిలోల తరగతిదైనచో 375 గ్రాములు తూగవలెను. 20 కిలోల తరగతిదైనచో అర కిలో తూగవలెను. 250 గ్రాములే తూగినచో అది 10 కిలోల సరకు, అనగా ప్రమాణములోని అన్నిటికంటె తక్కువ తరగతికి కూడ చాలనిది. అంగుళము పలక కొనునపుడు ఈ తూకములలో సగము లెక్కించుకొనుడు. ఒక పలకను మాత్రమే తూచినచో తేడా సరిగా తెలియదు గనుక పది పలకల కట్టను తూచవలెను. రెండంగుళముల పలకలు పదియును కలిసి మూడు కిలోల ముప్పాతిక తూగినచో 15 కిలోల సరకు, ఐదు కిలోలు తూగినచో 20 కిలోల సరకు. తడిసిన పలకలు ఎక్కువ తూగును. కావున ఆరుబయట వానలో నిలువయున్న సరకును తూచి మోసపోరాదు.

తూకమునకు ముందే మందమును కూడ కొలువవలెను. 50 మిల్లీమీటర్లని చెప్పి 45 మిల్లీమీటర్ల పలకలు ఇచ్చినచో పదవ వంతు సరకు తగ్గినట్లే. ఒక పలక కొలిచిన చాలదు. పది పలకలను ఒకదానిపై నొకటి పేర్చి, మొత్తము ఎత్తు అర మీటరు వచ్చునో లేదో చూడుడు. టేపు జేబులో వేసికొని పోవుట మరువకుడు.

ఇక అతుకు సంగతి. తునిగిన పలక ముక్క నొకటి అడిగి తీసికొని చేతితో విరచుడు. మంచి పలక విరిగినపుడు గింజలు కూడ మధ్యకు చీలి, విరిగిన చోటు సమముగా కనపడును. ఆవిరి చాలని పలక విరిగినచో గింజలు గుండ్రముగా విడివిడిగా ఊడి వచ్చి ఒడిలో రాలును. అట్టి పలక నీటిని పీల్చును, గాలి వీచినపుడల్లా రాలుచుండును. పచ్చి వాసన కొట్టుచున్న పలకలు అప్పుడే అచ్చు నుండి తీసినవి. వాటిలో పెంటేన్ ఇంకను మిగిలియుండును, పైగా అవి కొన్ని నాళ్ల వరకు కొద్దికొద్దిగా కుంచించుకొనును. వెంటనే బిగించినచో కీళ్ల వద్ద సందులు పడును. వాటిని గాలి తగులు నీడలో రెండు మూడు వారములు నిలువచేసి వాడుట మంచిది. నిలువయుంచిన చోట బీడీ, చుట్ట కాల్చనీయరాదు.

ఎన్ని పలకలు కావలెనో ఇంటి వద్దనే లెక్క వేసికొనుడు. ఇరువది అడుగుల పొడవు, పదునైదు అడుగుల వెడల్పు గల కప్పు 300 చదరపు అడుగులు. మీటరు, అర మీటరు పలక ఒకటి ఐదు చదరపు అడుగులకు కొంచెము మించి కప్పును. ఈ లెక్కన 56 పలకలు పట్టును. కోతలో పోవు వాటితో కలిపి 60 కొనవలెను. కప్పు ఏటవాలుగా ఉన్నచో నేల కొలత గాక వాలు కొలత తీసికొనవలెను. రెండంగుళముల మందమున 60 పలకలు 15 కిలోల సరకైనచో మొత్తము 22న్నర కిలోలు, 20 కిలోల సరకైనచో 30 కిలోలు, పలుచని సరకైనచో 15 కిలోలే తూగును. రెండు అంగళ్లలో ధర అడిగినపుడు పలక ధరను గాక, మొత్తము ధరను మొత్తము తూకముతో భాగించి కిలో ధరను పోల్చి చూడుడు. చౌకయని తోచినది చాల తడవలు చౌక కాదని అప్పుడు తెలియును. బిల్లు మీద మందము, డెన్సిటీ, నిప్పు తరగతి వ్రాయించుకొనవలెను. వ్రాయుటకు జంకు వర్తకుని వద్ద కొనకుండుటయే మంచిది.

నీలము, గులాబి వంటి రంగులలో, గింజలు కనపడకుండ నున్నగా ఉండు పలకలు కూడ అంగడిలో గలవు. అవి అదే ప్లాస్టిక్కును వేరు పద్ధతిలో, కరగించి యంత్రము గుండ నెట్టి చేసినవి. వాటిని ఎక్స్.పి.ఎస్. అందురు. అవి బరువునకు బాగుగా ఓర్చును, నీరు పీల్చుట చాల తక్కువ, వేడిని కూడ కొంచెము ఎక్కువగా ఆపును. ధరయు ఎక్కువ. డాబా మీదికి, తడి నేలకు అవి మేలు. మామూలు రేకుల కప్పునకు అక్కరలేదు.

నిప్పు

ఈ విషయమును తేలికగా తీసికొనరాదు. థర్మోకోల్ 80 డిగ్రీల వేడిమికే మెత్తబడి కుంచించుకొనును. మంట తగిలినచో కరగి, మండుచు బొట్లు బొట్లుగా క్రిందకు రాలును. నల్లని దట్టమైన పొగ వచ్చును. కోళ్ల షెడ్డులో నేలపై పరచిన ఊక, రంపపు పొట్టు ఎండియుండును. దానిపై మండుచున్న బొట్లు పడినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. మంట అందక మునుపే పొగ వలన పిల్లలు చచ్చును. మనిషి లోపలికి పోవుటయు కష్టమగును.

పైన చెప్పిన ప్రమాణములో మామూలు రకము, తానే ఆరిపోవు రకము అని రెండు గలవు. మొదటి దానికి ఎన్ అనియు, రెండవ దానికి ఎస్.ఇ. అనియు గుర్తు. షెడ్లకు, గదులకు ఎస్.ఇ. రకమునే కొనవలెను. పరీక్షకు వేలెడు ముక్కను తీసికొని, ఆరుబయట ఇసుక మీద, పట్టకారుతో పట్టుకొని, ప్రక్కన బక్కెట్టు నీరు ఉంచుకొని అగ్గిపుల్ల మంట తగిలించి తీసివేయుడు. ఎస్.ఇ. రకము మంట నుండి ముడుచుకొని పోవును, మంట తీసినంతనే ఆరును. మామూలు రకము మంట తీసిన తరువాత కూడ బొట్లు రాలుచు మండును. పొగ పీల్చకుండ గాలి వాలునకు ఎదుటి ప్రక్కన నిలబడవలెను.

ఎస్.ఇ. అనగా మండని వస్తువని భావింపరాదు. చిన్న మంటకు అది ఆరును. పెద్ద మంట పట్టినచో అదియు మండును. కావున ఏ రకమైనను పలకను నగ్నముగా వదలరాదు. క్రింది వైపున పలుచని ఇనుప రేకు గాని సిమెంటు బోర్డు గాని కప్పవలెను. గోడకు బిగించినపుడు కోడి వల, అనగా సన్నని తీగ జాలి, పరచి దానిపై అర అంగుళము మందమున సిమెంటు పూత పూయవలెను. ఈ ఖర్చునకు వెనుదీయువారు థర్మోకోల్ జోలికి పోకుండుటయే మేలు.

పిల్లలకు మొదటి వారములో 35 డిగ్రీల వెచ్చదనము ఈయవలెను. తరువాత వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గించవలెను. ఇందుకై బ్రూడరు క్రింద గ్యాసు గాని బల్బులు గాని బొగ్గుల కుంపటి గాని పెట్టుదురు. ఈ గదిలోనే థర్మోకోల్ వలన లాభము ఎక్కువ, అపాయమును ఎక్కువే. పిల్లల చుట్టు కట్టు గుండ్రని తడికకు థర్మోకోల్ ముక్కలు వాడరాదు. దానికి అట్ట గాని రేకు గాని వాడవలెను. వ్రేలాడదీసిన బ్రూడరు గొలుసు తెగినను, గాలికి ఊగినను పలకకు తగులనంత దూరమున ఉండవలెను.

నిప్పు ఎప్పుడును బ్రూడరు నుండియే రాదు. షెడ్డు గేటునకు గొళ్లెము అతుకుటకు వెల్డింగు పనివానిని పిలిచెదరు. పది అడుగుల దూరమున మిగిలిన పలకలు గోడకు ఆనించియుండును. ఒక రవ్వ ఎగిరి పలకల సందున పడి, పనివాడు వెళ్లిన అరగంటకు మండుట మొదలిడును. వెల్డింగు పని అంతయు పలకలు తెచ్చుటకు ముందే ముగించుకొనవలెను. తరువాత చేయవలసివచ్చినచో పలకలను దూరముగా తరలించి, బిగించియున్న వాటిపై తడి గోనెలు కప్పి, పని ముగిసిన తరువాత గంటసేపు కనిపెట్టుకొని ఉండవలెను.

కరెంటు తీగలను గూర్చి కూడ ఒక మాట. ప్లాస్టిక్ తొడుగు గల తీగను థర్మోకోలునకు ఆనించి ఉంచినచో, తొడుగులోని మెత్తదనమునిచ్చు నూనె వంటి పదార్థము క్రమముగా పలకలోనికి దిగి, తొడుగు బిరుసెక్కి పగులును. పైగా తీగలో పుట్టిన వేడి బయటికి పోదు. అందుచేత తీగలను గొట్టములలో నుండి నడిపించవలెను. పలకలో గాడి తీసి తీగను నొక్కుట పనికిరాదు.

బిగించు విధానము

బంక కొనునపుడు చాల జాగ్రత్త వలయును. చెప్పులు అతికించు పసుపుపచ్చని రబ్బరు బంక, పెట్రోలు, థిన్నరు, టర్పెంటైన్ తగిలినచో థర్మోకోల్ నీటిలో ఉప్పు వలె కరగును. నూనె రంగులు, డబ్బాలో నుండి చిమ్ము రంగులు కూడ పనికిరావు. వడ్రంగులు వాడు తెల్లని బంక, సిమెంటు పాలు, థర్మోకోలునకని ప్రత్యేకముగా అమ్ము బంక వాడవచ్చును. తెల్లని బంక గాలి తగిలి ఆరవలెను గనుక ఇనుప రేకునకును పలకకును మధ్య త్వరగా ఆరదు. చెక్కకు, సిమెంటునకు బాగుగా పట్టును. కొత్త బంక ఏదైనను ముందుగా ఒక చిన్న ముక్కపై పూసి ఒక రాత్రి ఉంచి చూడవలెను. కాచిన తారు పోయుట అసలే పనికిరాదు, ఆ వేడికి పలక గుల్లయగును.

రేకుల కప్పు క్రింద పలకను బంకతో అంటించుటకంటె, రేకునకు రెండు మూడు అంగుళములు దిగువగా సన్నని ఇనుప పట్టీలతో గాని టేకు రీపర్లతో గాని చట్రము కట్టి దానిపై పలకలను పేర్చుట శ్రేష్ఠము. రేకునకు పలకకు మధ్య నున్న ఆ సందున వేడి గాలి చేరును. చూరు వద్దను నడికొప్పు వద్దను దారి ఉంచినచో అది పైకి పోవును. పలకకు రేకు వేడి నేరుగా తగులదు గనుక ముడుచుకొనదు. సిమెంటు రేకులు ఆస్‌బెస్టాస్ కలిపినవైనచో వాటికి బెజ్జములు వేయరాదు, కోయరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరము. చట్రమును దూలములకు, స్తంభములకు కట్టవలెను.

రెండంగుళముల పలక ఒక వరుస వేయుటకంటె అంగుళము పలకలు రెండు వరుసలు వేసి, పై వరుస కీలు క్రింది వరుస పలక నడుమకు వచ్చునట్లు పేర్చినచో సందుల గుండ వేడి దిగదు. ఖర్చు దాదాపు సమానమే. తాపీ పనివాడు ఇటుకల కీళ్లు తప్పించుట ఎట్లో ఇదియు అట్లే. కీళ్లపై అంటు పట్టీ వేయవలెను. పలకను కోయుటకు సన్నని పదునైన కత్తి గాని హాక్సా రంపపు బ్లేడు గాని చాలును. బ్లేడునకు సబ్బు రాచినచో నునుపుగా తెగును. కరెంటుతో కాచిన తీగతో కోయువారు ఆరుబయట కోయవలెను, ఆ పొగ పీల్చుట మంచిది కాదు.

ఎలుకలు, పందికొక్కులు థర్మోకోలును తినుటకు గాక గూళ్లు చేయుటకు కొరుకును. చెదలు అందులో దారులు తొలుచును. కోళ్ల షెడ్డులో పొట్టు క్రింద పెరుగు నల్లని చిన్న పెంకు పురుగులు, వాటి పిల్ల పురుగులు గోడల వెంట ఎక్కి పలకలో తొర్రలు చేయును. మన పలక జల్లెడ వలె కనపడినచో ఈ పురుగులే కారణమని గ్రహించవలెను. కోళ్లకు సైతము తెల్లని గింజలను పొడుచుట వింతైన ఇష్టము. దాణా విడిచి పలకలను పొడుచు కోళ్లను ఎవరైనను చూడవచ్చును. కావున కోడికి అందు ఎత్తులో, నేల నుండి మూడడుగుల వరకు, పలక బయటికి కనపడరాదు. పై భాగమున కూడ అంచులన్నియు రేకుతోనో సిమెంటుతోనో మూసివేయవలెను. ఎండ నేరుగా తగిలినచో పలక పసుపెక్కి పిండివలె రాలును గనుక ఆరుబయట కప్పక ఉంచరాదు.

మంచు పెట్టె

కూరగాయలు, చేపలు, రొయ్యలు కొద్దిపాటిగా అమ్మకమునకు పంపు రైతులు తమకు తామే పెట్టె చేసికొనవచ్చును. అంగడిలో దొరకు సిద్ధపు పెట్టెలు చాల వరకు అంగుళము గోడలవి. రెండడుగుల పొడవు, అడుగుంబావు చొప్పున వెడల్పు, ఎత్తు గల అటువంటి పెట్టెను మంచుతో నింపి 35 డిగ్రీల నీడలో ఉంచినచో లెక్క ప్రకారము రోజునకు సుమారు 12 కిలోల మంచు కరగును. అదే కొలత గల పెట్టెకు గోడలు రెండంగుళములు చేసినచో సుమారు 6 కిలోలే కరగును. లోపలి చోటు కొంత తగ్గినను, మిగులు మంచు ఖర్చుతో పలకల వెల కొలది రోజులలో వచ్చును. ఇంకను మందము పెంచుచు పోయినచో లాభము అదే విధముగా పెరుగదు. మొదటి రెండంగుళములలో వచ్చినంత ఆదా మరి రెండంగుళములలో రాదు.

మూత సరిగా పడని పెట్టెకు గోడ ఎంత మందమైనను వ్యర్థమే. మూతకు మెట్టు కోసి అంచుకు మెత్తని స్పంజి పట్టీ అంటించవలెను. మంచు కరగిన నీరు చేపలకు తగులకుండ అడుగున సన్నని గొట్టము పెట్టి, వాడనపుడు బిరడాతో మూయవలెను. లోపల పలుచని ప్లాస్టిక్ కాగితము పరచినచో కడుగుట సులభము. వాసన పట్టిన పెట్టెను పాలకు గాని కూరలకు గాని వాడరాదు.

ఇదే రీతిని థర్మోకోల్ పెట్టెతో గ్రుడ్లు పొదిగించు యంత్రము చేయువారు కలరు. కోడి గ్రుడ్లకు 37న్నర డిగ్రీల వేడిమి, 21 రోజులు కావలెను. ఇందుకు వాడు పాత రకము బల్బు గాజు మీద వేడి 100 డిగ్రీలు దాటును. అది పెట్టె గోడకు తగిలినచో గోడ కరగును. బల్బు చుట్టు తీగ జాలి కట్టి, గోడకు జానెడు దూరమున బిగించి, వేడి ఎక్కువైనచో కరెంటును ఆపు థర్మోస్టాటును తప్పక పెట్టవలెను. పెట్టెకు గాలి బెజ్జములు లేనిచో గ్రుడ్డులోని పిల్ల ఊపిరాడక చచ్చును. దీనిని ఇంట నిద్రించు గదిలో ఉంచరాదు.

తెచ్చుట, మిగిలిన ముక్కలు

రెండంగుళముల పలకలు 60 అనగా నిలువుగా పేర్చినచో మూడు మీటర్ల ఎత్తు. బరువు లేదని మోటారు సైకిలు మీద కట్టుకొని వచ్చుట గాలికి ప్రమాదకరము. ట్రాలీ ఆటోలో అడ్డముగా పేర్చి, మీద ఒక చెక్క పలక పెట్టి దానిపై త్రాడు బిగించవలెను. నేరుగా త్రాడు వేసినచో అంచులు తెగును.

అలంకరణకు వాడు థర్మోకోలును, థర్మోకోల్ కప్పులను, పళ్లెములను 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. ఆ నిషేధము కప్పులకు, గదులకు వాడు పలకలకు వర్తించదు. అయినను మిగిలిన ముక్కలను కాల్చరాదు. ఎరువు గుంటలో వేసినచో ఎన్ని ఏండ్లకును కుళ్లదు. పొలములోనికి, కాలువలోనికి గాలికి కొట్టుకొనిపోయిన గింజలను ఏరి తీయుట ఎవరి తరమును కాదు, పశువులు కూడ మేతతో మ్రింగును. కోత పని గాలి లేని ఉదయము పూట, క్రింద పట్టా పరచి చేసినచో రాలిన గింజలను ఒక సంచిలోనికి ఎత్తవచ్చును.

జానెడు ముక్కలు నాలుగైదు మిగిలినచో వాటితో టీకా మందు తెచ్చుకొను చిన్న పెట్టె చేసికొనుడు. కొక్కెర తెగులు టీకా మందు 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున ఉండవలెను. ఎండలో సంచిలో వ్రేలాడదీసి తెచ్చిన మందు వేసినను వేయనట్లే. పెట్టెలో మంచు ముక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచి, మందు సీసాను కాగితమున చుట్టి దాని ప్రక్కన పెట్టి, మూత అంటించి తేవలెను. సీసా మంచునకు నేరుగా ఆనరాదు.